కరెంటుతో కొవ్వు కరుగుతుందా?

కత్తి అక్కర్లేదు, కరెంటుతోనే కొవ్వు కరిగిస్తామనే ప్రకటనలు మా పుదుచ్చేరిలోనూ కనబడుతుంటాయి. ఇదేదో నిన్న మొన్నటి విజ్ఞానం అనుకోకండి. ఈ ఆశ వయసు నూరేళ్ళు దాటింది. పుట్టిందీ ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన ఫ్రాన్సులోనే.

1890లలో పారిస్ శాస్త్రవేత్త దార్సోన్వాల్ ఒక సంగతి చూపించాడు. సెకనుకు పదివేల సార్లకు మించి దిశ మారే కరెంటు కండరాన్ని కుదపదు, వేడిని మాత్రం పుట్టిస్తుంది. ఇది నిఖార్సయిన విజ్ఞానం. 1926లో బోస్టన్‌లో బోవీ యంత్రంతో కుషింగ్ రక్తస్రావాన్ని అదుపు చేస్తూ కణితిని తీసింది ఇలాంటి కరెంటుతోనే.

బోర్డో వైద్యుడు బెర్గోనీది ఇంకో దారి. లావుగా ఉన్నవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, కరెంటుతో కండరాలు వాటంతట అవే ముడుచుకునేలా చేశాడు. కూర్చునే వ్యాయామం అన్నమాట! అమెరికాలో ఇదే ఊహ రిలాక్ససైజర్ అనే ఇంటి యంత్రమైంది. సుమారు 4 లక్షలు అమ్ముడుపోయాక 1970లో అక్కడి కోర్టు దాన్ని నిషేధించింది. అయినా ఆశ చావలేదు. 2002లో కరెంటు పొట్ట బెల్టుల మీద మళ్ళీ కేసులు పెట్టాల్సి వచ్చింది.

నాది లెక్కలు చూసిన వృత్తి కాబట్టి ఒక చిన్న లెక్క చెబుతాను. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. అవి ఖర్చయినా కావాలి, కొవ్వు ఒంట్లోంచి బయటికైనా పోవాలి. నెయ్యి కరిగించినంత మాత్రాన తూకం తగ్గుతుందా?

అందుకే 1977లో పారిస్‌లో ఇల్లూజ్ మొద్దు మొన గొట్టంతో కొవ్వును పీల్చే పద్ధతి తెచ్చాడు. 2009 ప్రాంతంలో దానికి రేడియో తరంగాల వేడి తోడైంది. కరెంటు కొవ్వును మెత్తబరుస్తుంది, బయటికి తీసేది మాత్రం గొట్టమే. వేడి మోతాదు మించితే చర్మం కాలుతుంది.

పోనీ, తీస్తే ఆరోగ్యం వస్తుందా? 2004లో అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీల నుంచి ఒక్కొక్కరికి దాదాపు 10 కిలోల కొవ్వు తీసి పరీక్షించారు. ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు, కొలెస్ట్రాల్ ఏవీ మెరుగుపడలేదు. మారేది ఆకారమే.

తెలుగు నటి ఆర్తీ అగర్వాల్ లైపోసక్షన్ చేయించుకున్న కొన్ని వారాలకే, 2015 జూన్‌లో, 31 ఏళ్ళకే మరణించింది. ఒకదాని వెనక ఒకటి జరిగిందని మొదటిదే కారణమని తేల్చెయ్యడం హేతువాదం కాదు. కానీ సన్నబడటానికి ఆపరేషన్ బల్ల ఎక్కేముందు నాలుగు ప్రశ్నలు అడగడం మాత్రం హేతువాదమే. ఎన్ని లీటర్లు తీస్తారు? మత్తు డాక్టరు ఎవరు? గుండె పరీక్ష చేశారా? అత్యవసరమైతే ఐసీయూ ఉందా?

జవాబుకు బదులు డిస్కౌంటు చూపిస్తే, లేచి వచ్చెయ్యండి.