చతుర్నాళ కార్బురేటరు: పుట్టుక, గుర్తింపు

పెట్రోలు గాలితో తగుపాళ్లలో కలిసినగాని ఇంజనులో సరిగా మండదు. ఒక పాలు పెట్రోలునకు తూకమున సుమారు 15 పాళ్లు గాలి కావలెను. ఈ మిశ్రమమును సిద్ధపరచునదే కార్బురేటరు. గాలి పోవు నాళము నడుమ ఒకచోట సన్నగా ఉండును. అచ్చట గాలివేగము హెచ్చి పీడనము తగ్గును. అందువలన ప్రక్కగిన్నెలోని పెట్రోలు పైకి వచ్చి తుంపరలై గాలిలో కలియును. ఇరుకైన చోట ప్రవాహపీడనము తగ్గుటను ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి 1797లో వివరించెను. 1893లో జర్మనీలో మైబాక్, హంగరీలో బాంకి, చోంకాలు తుంపర కార్బురేటర్లను వెలువరించిరి.

ఐతే ఆ ఇరుకు ఎంత ఉండవలెను? కారు మెల్లగా పోవునపుడు లోనికి వచ్చు గాలి కొద్ది. నాళము సన్ననిదైనగాని చాలినంత వేగము రాదు. కారు వడిగా పోవునపుడు ఆ సన్నని నాళమే ఇంజనుకు ఊపిరి సలుపనీయదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో పెద్ద ఇంజనులు వచ్చుటతో ఈ చిక్కు ముదిరెను. 1952లో కాడిలాక్, ఓల్డ్స్‌మొబీల్, బ్యూక్ కార్లలో నాలుగు నాళముల కార్బురేటరు ప్రవేశించెను. ముందరి రెండు నాళములు ఎల్లప్పుడు పనిచేయును; కాలిమీట గట్టిగా నొక్కినపుడే వెనుక రెండును తెరచుకొనును. ఆ ఏట బ్యూక్ రోడ్‌మాస్టరు ఇంజను 152 నుండి 170 అశ్వశక్తికి పెరిగెను.

1957లో కార్టరు కంపెనీవారి అల్యూమినియపు ఏ.ఎఫ్.బి., హోలీ కంపెనీవారి 4150 వచ్చినవి. 1965లో జనరల్ మోటార్సువారి రోచెస్టరు శాఖ క్వాడ్రాజెట్‌ను తెచ్చెను. ఇందు ముందరి నాళముల వ్యాసము 35 మిల్లీమీటర్లు, వెనుకవానిది 57. పైన చెప్పిన చిక్కునకు ఇంతకంటె సూటియైన జవాబు లేదు. 1990 వరకు ఇది కార్లలో కొనసాగెను. పిదప ఇంజెక్షను పద్ధతి దానిని తొలగించెను.

ఈ పాతకార్లను పోషించువారికి నేడు మొదటి కష్టము గుర్తింపు. ఇన్నేండ్లలో కార్బురేటరు మారియుండవచ్చును. కారు పేరునుబట్టి విడిభాగములు తెప్పించినచో అవి అతకవు. కార్బురేటరుపై పోతపోసిన పేరును నమ్ముటయు ప్రమాదమే: గిరాకి హెచ్చినపుడు క్వాడ్రాజెట్‌లను కార్టరువారును చేసియిచ్చిరి! అంకెయే ఆధారము. కార్టరులో అది పైమూత మరకు బిగించిన త్రికోణపు ఇత్తడిరేకుమీద ఉండును. మరమ్మతులలో ఆ రేకు తరచు పోవును. హోలీలో గాలిద్వారపు గోడమీద ‘లిస్టు’ అను మాట ప్రక్కన ఉండును. క్వాడ్రాజెట్‌లో తొలి ఏండ్లలో గుండ్రని రేకుమీద, తరువాత ఎడమప్రక్క నిలువుగా కనబడును. 70తో మొదలైన అంకె 1975 వరకు, 170తో మొదలైనది 1976 నుండి వాడిరి.

ఇంత పట్టుదల ఏల? నల్లపొగ ఒక్కటే, కారణములు మూడు. గిన్నెలో పెట్రోలు మట్టమును కాపాడునది ఫ్లోటు. కార్టరులో ఈ బోలు ఇత్తడి ఫ్లోటునకు చిల్లిపడి లోపల పెట్రోలు చేరును. క్వాడ్రాజెట్‌లో నురుగుప్లాస్టిక్కు ఫ్లోటు ఏండ్ల తరబడి పెట్రోలు పీల్చి బరువెక్కును. రెండింటను ఫ్లోటు మునిగి సూదికవాటము మూసుకొనదు. గిన్నె పొంగి వేడి ఇంజనుపై పెట్రోలు పడినచో నిప్పంటుకొనవచ్చును. హోలీలో ఫ్లోటు బాగుగనే ఉండవచ్చును. ఇంజను వెనుకకు పేలినపుడు పవరువాల్వులోని పొర చిరిగి పెట్రోలు లోనికి కారును.

కొన్ని దినములు నిలిపిన కారు వెంటనే స్టార్టు కాకున్నచో, అది క్వాడ్రాజెట్ ఐనయెడల అడుగునున్న లోహపు బిరడాలను శంకింపవలెను. అవి వదులైనచో గిన్నెలోని పెట్రోలు ఇంజనులోనికి దిగిపోవును. వేడికి పెట్రోలు ఆవిరియైనను ఇదే లక్షణము. కనుక గిన్నెగల భాగమును ఊడదీసి, పెట్రోలు నింపి, కాగితముపై ఉంచి చూచెదరు. కాగితము తడిసినచో బిరడాలపై ఎపాక్సీ పూసి మూసెదరు.