గాలి సూచనలను అర్థం చేసుకోవడం ఎలా? చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వాసులకు అవగాహన

ఏప్రిల్, మే నెలలలో సాయంత్రం వేళ వీచే ఈదురుగాలుల వలన హైదరాబాద్ నగరంలో చెట్లు, విద్యుత్ స్తంభాలు నేలకూలడం పరిపాటి. 2019 ఏప్రిల్ 22వ తేదీ సాయంత్రం గాలివానకు నారాయణగూడ సమీపంలోని లాల్ బహదూర్ స్టేడియంలో ఫ్లడ్ లైట్ల టవరు కూలి ఒకరు మృతి చెందారు. భారత వాతావరణ శాఖ జారీ చేసే సూచనలోని అంకెలను సరిగా చదవగలిగినచో ఇటువంటి వేళ ఎక్కడ నిలబడరాదో ముందుగానే నిర్ణయించుకొనుటకు వీలు కలుగుతుంది.

సూచనలో గాలి వేగం గంటకు 12 కిలోమీటర్లని ఉంటే అది సగటు మాత్రమే. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణాల ప్రకారం 10 నిమిషాల సగటును గాలి వేగంగా పరిగణిస్తారు. మధ్యమధ్య వచ్చే విసురును 3 సెకన్ల గరిష్ఠ వేగంతో కొలుస్తారు. మేడపై రేకు ఎగిరిపోవడానికి ఆ 3 సెకన్లే చాలును. పైగా గాలి వేగం రెట్టింపైతే అది కలిగించే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలికి తట్టుకున్న ఫ్లెక్సీ బోర్డు 60 కిలోమీటర్ల విసురుకు నిలుస్తుందనే భరోసా లేదు. కావున "గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అన్న వాక్యమే సగటు వేగం కంటే ముఖ్యమైనది. కొన్ని ప్రకటనలలో వేగాన్ని నాట్లలో తెలుపుతారు. ఒక నాట్ గంటకు సుమారు 1.85 కిలోమీటర్లకు సమానం.

దిశ విషయంలో పొరపాటుకు అవకాశం ఎక్కువ. నైరుతి గాలి అంటే నైరుతి నుండి వచ్చేది, నైరుతికి పోయేది కాదు. పడమటి గాలి, తూర్పు గాలి అనే రైతుల వాడుక కూడా ఇదే. అయితే సెల్‌ఫోన్లలోని కొన్ని పటాలలో బాణం గుర్తు గాలి పోయే వైపును చూపుతుంది. నగరంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు పడమర, నైరుతి గాలులు, సంక్రాంతి రోజులలో ఎక్కువగా తూర్పు, ఆగ్నేయ గాలులు వీస్తాయి. ఉరుములతో కూడిన వాన వచ్చే ముందు మాత్రం ఈ లెక్క పనిచేయదు. మేఘం నుండి దిగిన చల్లని గాలి నేలను తాకి నలువైపులా వ్యాపించడం వలన, ఉక్కపోతగా ఉన్న సాయంత్రం దిశ ఒక్కసారిగా మారి, తొలి చినుకు కంటే ముందే విసురు వస్తుంది.

హైదరాబాద్ వాతావరణ కేంద్రం బేగంపేటలో ఉంది. చిక్కడపల్లికి అది వాయవ్యంగా సుమారు 6 కిలోమీటర్ల దూరం. గాలిని కొలిచే సాధనాన్ని ప్రమాణం ప్రకారం బహిరంగ స్థలంలో 10 మీటర్ల ఎత్తున అమరుస్తారు. చిక్కడపల్లి సందులో అంత గాలి తెలియకపోవచ్చును. అదే భవనం అయిదవ అంతస్తుపైన, ఎత్తైన భవనాల మూలమలుపుల వద్ద, ఇందిరా పార్కు నుండి వి.ఎస్.టి. వరకు 2023లో ప్రారంభమైన ఉక్కు వంతెన మీద తీవ్రత ఎక్కువగా ఉంటుంది. వంతెనపై ద్విచక్ర వాహనదారులు పక్కనుండి కొట్టే విసురును దృష్టిలో ఉంచుకొనవలెను. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకొనే యువత పలువురు మేడపై రేకుల గదులలో ఉంటున్నారు. ఈదురుగాలుల హెచ్చరిక ఉన్న సాయంత్రం వారు కింది అంతస్తుకు చేరడం మేలు. రేకుల బిగింపులు వేసవికి ముందే సరిచూడవలసిన బాధ్యత యజమానులది.

ఉదయం వెలువడే సూచన జిల్లా మొత్తానికి వర్తిస్తుంది. ఉరుముల గాలికి సంబంధించి మూడు గంటల వ్యవధికి ఇచ్చే తక్షణ సూచనను మధ్యాహ్నం తర్వాత మరల చూడవలెను. పసుపు రంగు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే చర్య తీసుకొమ్మని తెలుపుతాయి. గాలి మొదలైన పిమ్మట చెట్ల కింద, హోర్డింగుల కింద వాహనాలు నిలుపరాదు. తెగిపడిన విద్యుత్ తీగలను తాకకుండా 1912 నంబరుకు తెలియజేయవలెను.