చిత్తడిని మరవని దుంప

యూరప్ పెరటి తోటల్లో సెలెరియాక్‌కు మొండి పంట అన్న పేరుంది. ఫిబ్రవరిలో నారు పోసి అక్టోబరు దాకా కాచుకున్నా కోడిగుడ్డంత దుంపైనా ఊరలేదని వాపోయేవాళ్లు కనిపిస్తారు. ఈ నింద అన్యాయమైనది. ఆ మొక్క ఏ నేలలో పుట్టిందో, మనిషి దాన్ని ఏ మేరకు మార్చాడో తెలిస్తే, అది అడిగే ప్రతిదానికీ కారణం కనిపిస్తుంది.

దీని మూలం అడవి సెలెరీ. కొత్తిమీర, జీలకర్ర, వాము కుటుంబంలోదే. మధ్యధరా, యూరప్ తీరాల్లో ఉప్పుగాలి తగిలే చిత్తడి నేలల్లో పెరుగుతుంది. హోమర్ ఇలియడ్‌లో అకిలీజ్ యుద్ధం మానేసినప్పుడు అతని సేన గుర్రాలు మేసిన మేతలో చిత్తడిలో పెరిగిన ఈ మొక్క ఉంది. సిసిలీలోని గ్రీకు నగరం సెలినస్ దీని ఆకును వెండి నాణేలపై ముద్రించుకుంది. నెమియా క్రీడల విజేతలకు దీనితోనే కిరీటం అల్లేవారు. ఘాటు, చేదు కలిసిన ఈ ఆకుమొక్కను తరవాతి తోటమాలులు రెండు దారులు పట్టించారు. కండగల కాడలున్న మొక్కల నుంచి ఒకరు విత్తనం కట్టారు, కాండం మొదలు ఊరే మొక్కల నుంచి మరొకరు. రెండో దారిలో వచ్చిందే సెలెరియాక్. ఇంగ్లండ్‌కు ఇది ఆలస్యంగా చేరింది. 1720ల చివర విదేశీ కూరగాయల సాగుపై పుస్తకం రాసిన స్టీఫెన్ స్విట్జర్, ఈ మొక్కను తాను కళ్లారా చూడలేదని, విత్తనం అలెగ్జాండ్రియా నుంచి వచ్చిందని చెప్పుకున్నాడు.

ఇన్ని తరాలు ఎంచి పెంచాక పాత గుణం ఇంకా మిగులుతుందా అని అడగవచ్చు. జవాబు మడిలోనే దొరుకుతుంది. విత్తనం గ్రాముకు రెండు వేలకు పైగా తూగేంత సన్నం. లోతుగా పూడిస్తే వెలుతురు అందక మొలవదు, పైపైన చల్లినా మొలకకు రెండు మూడు వారాలు పడుతుంది. వేళ్లు లోతుకు పోవు కాబట్టి నేల పదేపదే ఎండితే దుంప చిన్నదిగా, పీచుగా మిగిలిపోతుంది. లేత మొక్క వారం పది రోజులు 10 డిగ్రీల లోపు చలిలో ఉంటే దుంప ఊరడం మాని పూతకు వస్తుంది. అందుకే అనుభవమున్నవారు మంచు భయం తీరాక, మే నెలలో నాటుతారు. మొదలు మట్టిలో కూరుకుపోకుండా చూస్తారు. బాగా చివికిన పశువుల ఎరువు వేసి, గడ్డి పరిచి, వేసవంతా తడి ఆరనివ్వరు. మనిషి ఎంపిక మొక్క ఆకారాన్ని మార్చింది, దాని దాహాన్ని మార్చలేదు.

కాడ సెలెరీ ఉండగా ఇంత శ్రమ ఎందుకన్నది మరో అభ్యంతరం. కోసిన కాడలు త్వరగా వాడిపోతాయి. శరదృతువులో తవ్విన దుంపను నేలమాళిగలో తడి ఇసుకలో పూడ్చి పెడితే చలికాలంలో నెలల తరబడి నిలుస్తుంది. తోట మంచు కింద ఉండే జర్మనీలో దీనికి అంత విలువ రావడానికి ఇది బలమైన కారణం. అక్కడి బజారులో సూప్ కోసం అమ్మే కూరల కట్టలో కారెట్, లీక్ పక్కన సెలెరియాక్ ముక్క ఇప్పటికీ ఉంటుంది. ఫ్రాన్స్‌లో పచ్చి దుంపనే సన్నగా తురిమి, ఆవముద్ద కలిపిన మయొనైజ్‌తో తింటారు. ఇన్ని నెలల ఓపికకు అదే ఫలం. పెరట్లో ఆ ఫలం దక్కాలంటే నేర్పు కన్నా ముందు కావలసింది, చిత్తడిలో పుట్టిన మొక్కకు చిత్తడిలో దొరికే తడిని ఇవ్వడం.