సగం నుంచి ఒకటిన్నరకు: నైజీరియా చమురు పంపకం

1956లో నైజర్ డెల్టాలోని ఒలోయిబిరి అనే ఊరి దగ్గర షెల్-బీపీ సంస్థ తవ్విన బావిలో అమ్మకానికి సరిపడా చమురు పడింది. 1958లో ఎగుమతి మొదలైంది. అప్పటి ఉత్పత్తి రోజుకు దాదాపు 5 వేల బ్యారెళ్లే. ఆ రోజుల్లో నైజీరియాను పంటలు పోషించేవి. ఉత్తరాన కానో పరిసరాల్లో వేరుశనగ, పడమట యొరుబాల నేల మీద కోకో, తూర్పున పామాయిల్. కానోలో ఎగుమతికి సిద్ధమైన వేరుశనగ బస్తాలను గోపురాల్లా పేర్చేవారు. ఇబాదాన్‌లో 1965లో లేచిన ఆకాశహర్మ్యానికి కోకో హౌస్ అని పేరు పెట్టారు. అది కోకో రైతుల కష్టార్జితంతో కట్టిందే.

1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో మూడు ప్రాంతీయ ప్రభుత్వాలుండేవి. పంటల ఎగుమతి సుంకం పండిన ప్రాంతానికే చేరేది. ఖనిజాల రాయల్టీలో సగం తవ్విన ప్రాంతానిది. పశ్చిమ ప్రాంత ప్రధాని ఒబాఫెమి అవొలొవొ 1955లోనే ఉచిత ప్రాథమిక విద్య ప్రారంభించగలిగారంటే కోకో ఆదాయం చేతిలో ఉండబట్టే. అదంతా స్వర్ణయుగమని నేననను. మార్కెటింగ్ బోర్డులు రైతుకు ప్రపంచ ధరకన్నా చాలా తక్కువ కట్టి, మిగిలింది తమ దగ్గరే ఉంచుకునేవి. అయినా ఖజానా నిండాలంటే రైతు పండించక తప్పదు. రైతు ఊరుకుంటే ప్రభుత్వం నడవదు. పాలించేవాళ్లకీ పండించేవాళ్లకీ మధ్య ఉన్న ఆ ముడిని చమురు తెంపింది. ఆ తర్వాత నైజీరియాలో జరిగిన అనర్థాల్లో చాలావాటికి మూలం నాకు అక్కడే కనిపిస్తుంది.

ముడి తెగింది యుద్ధంలో. 1966 ఫిబ్రవరిలో ఐజాక్ అడాకా బోరో అనే ఇజా యువకుడు చమురు తమ జనానిదంటూ నైజర్ డెల్టా రిపబ్లిక్‌ను ప్రకటించాడు. ఆ తిరుగుబాటు 12 రోజుల్లో అణగిపోయింది. మరుసటేడు మే నెలలో తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోయింది. ఆ చీలికకు అంతకుముందు ఉత్తరాదిలో తూర్పువారైన ఇగ్బోల మీద జరిగిన ఊచకోతలు పెద్ద కారణం. కానీ షెల్-బీపీ కట్టాల్సిన రాయల్టీ లాగోస్‌లోని కేంద్రానికి చేరాలా, బయాఫ్రాకు చేరాలా అన్న తగాదా కూడా యుద్ధంలో భాగమైపోయింది. 1970 జనవరిలో యుద్ధం ముగిసేలోగా లక్షల మంది పోయారు. వారిలో ఎక్కువమంది ఆకలితో చనిపోయినవాళ్లే. ఆ యుద్ధం నడుస్తుండగానే, 1969లో, సైనిక ప్రభుత్వం దేశంలోని చమురంతా కేంద్రానిదేనని శాసనం చేసింది. 1978లో వచ్చిన భూ వినియోగ శాసనం భూమిని రాష్ట్ర గవర్నర్ల అధీనంలో పెట్టింది. డెల్టా పల్లెవాసికి కాళ్ల కింది చమురూ దక్కలేదు, కాళ్లు మోపిన నేల మీద గట్టి హక్కూ మిగల్లేదు.

తవ్విన ప్రాంతానికి దక్కే వాటా అక్కణ్నుంచి మెట్టుమెట్టుగా చిక్కిపోయింది. 50 శాతం 45 అయింది, తర్వాత 20 అయింది, 1980ల మధ్యకల్లా ఒకటిన్నర శాతానికి దిగింది. దీనికి కేంద్రం చెప్పిన కారణాన్ని కొట్టిపారేయలేం. చమురు లేని రాష్ట్రాల్లోనూ కోట్లాది పేదలున్నారు, వాళ్లకూ బడులు కావాలి. అది న్యాయమైన మాటే. కాకపోతే కోకో, వేరుశనగ పెద్ద జాతుల పొలాల్లో పండినప్పుడు పండిన చోటికే అన్న సూత్రం చెల్లింది. సంపద ఇజా, ఒగోని వంటి చిన్న జాతుల నేలలో దొరికేసరికి సూత్రం మారింది. ఇది నాకు మింగుడుపడదు.

1973లో అరబ్బు దేశాలు చమురు సరఫరా బిగించాయి. కొద్ది నెలల్లో ధర నాలుగింతలైంది. 1971లోనే ఒపెక్‌లో చేరిన నైజీరియా మీద డబ్బు వరదలా పడింది. 1974 నాటికి ఎగుమతి ఆదాయంలో పదింట తొమ్మిది వంతులు చమురుదే. ఉదోజీ కమిషన్ సిఫార్సుల మేరకు ప్రభుత్వోద్యోగుల జీతాలు ఒక్కసారిగా పెంచి, బకాయిలతో సహా చెల్లించారు. 1975లో ద్రవ్యోల్బణం 30 శాతం దాటింది. బారకాసులూ రోడ్లూ కట్టడానికి దాదాపు 2 కోట్ల టన్నుల సిమెంటుకు ఆర్డర్లు పెట్టారు. లాగోస్ రేవు ఏడాదికి దించుకోగలిగింది అందులో చిన్న పాలు. వందల ఓడలు తీరంలో లంగరేసి నెలల తరబడి నిలబడ్డాయి. నిలబడ్డ ప్రతి రోజుకూ నష్టపరిహారం కట్టింది నైజీరియా ఖజానాయే.

పొలాల్లో జరిగింది ఇంత పెద్ద వార్త కాలేదు, కానీ ఇంతకన్నా లోతైన దెబ్బ. చమురు డాలర్లతో నైరా విలువ ఉబ్బింది. 1980లో ఒక నైరాకు డాలరున్నర పైగా వచ్చేది. దిగుమతి బియ్యం, గోధుమలు చవకయ్యాయి. కోకో అమ్మే రైతుకు చేతికొచ్చే నైరాలు మాత్రం తగ్గాయి. అసలే 1970ల తొలినాళ్ల కరవూ, ఆ తర్వాత సోకిన తెగులూ వేరుశనగను నలిపేశాయి. తేరుకోవాలన్న తపన మాత్రం ప్రభుత్వంలో కనపడలేదు. కానో గోపురాలు మాయమయ్యాయి. ఒకప్పుడు ప్రపంచానికి పామాయిల్ అమ్మిన దేశం పామాయిల్ కొనడం మొదలుపెట్టింది. పల్లె కుర్రాళ్లు లాగోస్ దారి పట్టారు.

ఇదే దశకంలో ఇండోనేషియా కూడా చమురు అమ్మింది. సుహార్తో పాలన అవినీతికీ, క్రూరత్వానికీ పేరుపడ్డదే. అయినా ఆ ప్రభుత్వం చమురు డబ్బులో గణనీయమైన భాగాన్ని కాలువలకూ, ఎరువుల కర్మాగారాలకూ, వరికీ మళ్లించింది. రైతు దెబ్బతినకుండా 1978లో కరెన్సీ విలువ తగ్గించింది. 1984కల్లా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. అందుకే చమురు దొరికిన దేశం చెడిపోక తప్పదన్న వాదన నాకు రుచించదు. నైజీరియా పాలకుల ముందూ ఆ దారి తెరిచే ఉంది.

1980ల్లో ధర కూలింది. 1983 జనవరిలో లక్షల మంది ఘనావాసులను దేశం నుంచి వెళ్లగొట్టారు. ఆ ఏడాది చివరి రోజున సైన్యం మళ్లీ గద్దెనెక్కింది. 1986లో సంస్కరణల పేరుతో నైరా విలువను మార్కెట్‌కు వదిలేశారు. అప్పులు మిగిలాయి.

డెల్టాలో మాత్రం మంచి రోజులకూ చెడ్డ రోజులకూ తేడా తెలియలేదు. చమురుతోపాటు పైకొచ్చే సహజవాయువును కంపెనీలు పట్టి వాడకుండా తగలబెట్టేవి. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండితే కోనసీమ ఎలా అల్లాడిందో మనకు తెలుసు. డెల్టాలో అటువంటి మంటల పక్కన పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యారు. 1984కల్లా ఆపాలని 1979 చట్టం చెప్పినా మంటలు ఆగలేదు. గొట్టాలు కారి మడ అడవులు నల్లబడ్డాయి, చేపలు పోయాయి. 1990లో ఒగోని జనం తమ హక్కుల పత్రం ప్రకటించారు. రచయిత కెన్ సారో-వివా ఆ ఉద్యమానికి గొంతయ్యాడు. 1993 జనవరి 4న దాదాపు 3 లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. అంటే ఆ జాతిలో సగానికి పైగా. షెల్ ఆ ఏడాదే ఒగోనిలో పని ఆపింది. 1994లో నలుగురు ఒగోని పెద్దలు హత్యకు గురైతే ఆ నేరం ఉద్యమకారుల మీద మోపారు. సైనిక ప్రభుత్వం వేసిన ప్రత్యేక ట్రిబ్యునల్ శిక్ష ఖాయం చేసింది. 1995 నవంబర్ 10న సారో-వివానూ, మరో ఎనిమిది మందినీ ఉరితీశారు. ఆ ఉరిని ఆమోదించిన సైనిక పాలకుడు సానీ అబాచా 1998లో చనిపోయాక, అతను విదేశీ బ్యాంకుల్లో దాచిన కోట్ల డాలర్లు విడతలు విడతలుగా తిరిగొచ్చాయి.

1999 రాజ్యాంగం చమురు రాష్ట్రాల వాటాను కనీసం 13 శాతానికి పెంచింది. పోరాటం ఫలించిందని చాలామంది అనుకున్నారు. అయితే డబ్బు రాష్ట్ర రాజధానుల దాకా వచ్చి ఆగిపోయింది. డెల్టా రాష్ట్ర మాజీ గవర్నర్ జేమ్స్ ఇబోరీకి 2012లో లండన్ కోర్టు 13 ఏళ్ల జైలు విధించింది. వాటా కేంద్రం చేతిలో ఉన్నా రాష్ట్రం చేతిలో ఉన్నా, పన్ను కట్టని పౌరుడికి లెక్క చెప్పాలన్న భయం పాలకుడికి లేదు. ఉపాధి లేని యువకులు తుపాకులు పట్టారు. 2009 క్షమాభిక్షతో ఆ పోరు కాస్త నెమ్మదించింది. ముడిచమురు అమ్మే దేశం తన రిఫైనరీలు పాడుపెట్టుకుని పెట్రోలు దిగుమతి చేసుకుంది. 2024లో డాంగోటే రిఫైనరీ నడిచాకే ఆ దుస్థితి తగ్గడం మొదలైంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోని నేలను పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చింది. ఒక ఊళ్లో జనం తాగే బావినీటిలో బెంజీన్ అనుమతించిన మోతాదుకు 900 రెట్లు పైగా ఉంది. శుద్ధి చేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని ఆ సంస్థ చెప్పింది. ఆ పని ఇంకా సాగుతూనే ఉంది. 2021 పెట్రోలియం చట్టం చమురు ఊళ్లకు కంపెనీల నిర్వహణ ఖర్చులో 3 శాతం కేటాయించింది. ఊళ్లవాళ్లు అడిగింది 10. గొట్టాలకు ఎవరైనా నష్టం చేస్తే ఆ ఖర్చును ఊరి వాటాలోంచే కోయవచ్చని అదే చట్టంలో ఉంది. 2025 మార్చిలో షెల్ నైజీరియా నేల మీది తన చమురు వ్యాపారాన్ని ప్రధానంగా స్థానిక కంపెనీలున్న కూటమికి అమ్మేసింది. జూన్‌లో అధ్యక్షుడు తినుబు 1995లో ఉరితీసిన సారో-వివా సహా ఆ తొమ్మిది మందికీ మరణానంతర క్షమాభిక్ష ప్రకటించారు. క్షమాభిక్ష నేరం చేసినవాళ్లకే కదా, మావాళ్లు నిర్దోషులని ప్రకటించండి అని ఒగోని గొంతులు అడుగుతున్నాయి. ప్రభుత్వం మాత్రం ఒగోనిలో చమురు తవ్వకం తిరిగి మొదలుపెట్టే చర్చలు నడుపుతోంది.