ఓడినవానికి ముందుపీట



బలహీనమైన జట్టు మరల బలము పుంజుకొనుటకు మార్గమేది? ఈ ప్రశ్నకు అమెరికా దేశీయులు తమ బేస్‌బాలు ఆటయందు నూరేండ్లుగా సమాధానము వెదకుచున్నారు. ఆ చరిత్రమే నేటి నా ప్రసంగ విషయము. వ్యాకరణాలంకారములు చదువుకొని, బడిలో పాఠములు చెప్పుకొని విశ్రాంతి గైకొన్న వృద్ధునకు ఈ విదేశ క్రీడతో పనియేమని మీలో కొందరికి తోపవచ్చును. నా కుమారుడు ఆ దేశమున ఉద్యోగము చేయుచుండుటచే నేనచ్చట కొంతకాలముంటిని. సాయంకాలములందు ఆట చూచుట అలవాటై, ఆ యలవాటు క్రమముగా అభిమానమైనది. ఆటకంటెను జట్టును కూర్చు విధానము నన్నెక్కువగా ఆకర్షించినది. పిల్లవానిని చూచి, వీడు రేపేమగునో చెప్పవలసిన కష్టము ఉపాధ్యాయునకును కలదు గదా!

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. ఇది క్రికెట్టునకు దాయాది వంటిది. జట్టునకు తొమ్మండుగురు. ఒకడు బంతి విసరును. ఎదుటి జట్టువాడు గుండ్రని కర్రతో దానిని కొట్టి, మైదానమందలి నాలుగు మూలలను చుట్టివచ్చినచో ఒక పరుగు. పెద్ద లీగులలో నేడు 30 జట్లు కలవు. ఒక్కొక్క జట్టు ఏటికి 162 ఆటలాడును. కడపట నిలిచిన రెండు జట్లకు జరుగు పోటీకి వరల్డ్ సీరీస్ అని పేరు. ప్రతి జట్టునకును ఒక నగరము, ఒక యజమాని. యజమానులలో కలవారును, అంతగా లేనివారును ఉన్నారు. కలవాడు ఆరితేరిన ఆటగాండ్రను కొనును. లేనివాడు ఏటేట ఓడును. ఇదియే మొదటినుండియు ఉన్న చిక్కు.

ఈ చిక్కునకు మొదటి పరిష్కారమును చూపినవాడు బ్రాంచ్ రికీ. ఇతడు 1881లో జన్మించెను. యౌవనమున ఒహాయో రాష్ట్రమందు ఒక పల్లెబడిలో ఉపాధ్యాయుడుగా నుండెను. ఆ వార్త చదివినప్పుడు నాకు కొంత గర్వము కలిగెనని చెప్పుటకు సంకోచింపను. 1917లో ఇతడు సెయింట్ లూయిస్ కార్డినల్స్ అను జట్టు వ్యవహారములు చేపట్టెను. ఆ జట్టు పేదది. మంచి ఆటగాడు కంటబడగానే న్యూయార్కు ధనికులు అధిక ధనమిచ్చి ఎగరేసికొని పోవుచుండిరి. కొనలేనివాడు పండించుకొనవలెనని రికీ తలచెను. చిన్న ఊళ్లలోని చిన్న జట్లను ఒక్కొక్కటిగా తన యధీనము చేసికొని, పదునెనిమిదేండ్ల బాలురను వాటియందుంచి తరిబీతు చేయించి, మేలైనవారిని పై జట్టునకు తెచ్చుకొనెను. అమెరికావారు ఈ పద్ధతికి ‘ఫారము’ అని పేరిడిరి. మన రైతు దానిని నారుమడి యనును. ఫలితముగా కార్డినల్స్ జట్టు 1926, 1931, 1934, 1942 సంవత్సరములందు వరల్డ్ సీరీస్ గెలిచెను.

అయితే నారుమడికిని ఒక దోషము కలదు. నారంతయు ఒక్కని చేతిలో నుండిన, నాటకుండ మడిలోనే ముదురబెట్టినను అడుగువాడు లేడు. పైకి పోదగిన యువకులు కొందరు క్రిందనే యేండ్ల తరబడి నిలిచిపోయిరి. ఆ కాలమున ఆటకు సర్వాధికారియైన కమీషనరు లాండిస్ అను న్యాయమూర్తి, 1938లో కార్డినల్స్ చిన్న జట్లనుండి 70 మందికి పైగా ఆటగాండ్రను బంధవిముక్తులను గావించెను. 1940లో డెట్రాయిట్ జట్టువారినుండి మరి 91 మందిని విడిపించెను. జట్టు బాగుపడుట యొక ధర్మము. బాలుని బ్రదుకు చెడకుండుట మరియొక ధర్మము. ఈ రెంటికిని గల పెనగులాట అప్పటినుండి నేటివరకును తెగలేదు.

రికీని చూచి తక్కిన జట్లును నారుమళ్లు పెట్టుకొనినవి. దానితో పోటీ మడిలోనుండి విత్తనమునకు దిగినది. బడి విడువని కుర్రవాని యింటికి పది జట్ల ప్రతినిధులు పోయి వేలము పాడసాగిరి. 1964లో రిక్ రైకార్ట్ అను కళాశాల విద్యార్థికి లాస్ ఏంజెలెస్ జట్టువారు 2 లక్షల డాలర్లకు పైగా ఇచ్చిరి. అతడప్పటికి పెద్ద లీగులలో ఒక్క ఆటయైనను ఆడలేదు. ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము’ అన్న సామెత ఆ దేశమునకును వర్తించినది.

అంత యజమానులు కలిసి డ్రాఫ్టు అను ఏర్పాటు చేసికొనిరి. దీని సూత్రము తేలిక. ఆ యేడు అర్హులైన యువకులను జట్లు వరుసగా ఎన్నుకొనవలెను. ముందటి యేట అట్టడుగున నిలిచిన జట్టు మొదట ఎన్నుకొనును, గెలిచినవాడు తుదిని ఎన్నుకొనును. ఎన్నుకొన్న జట్టుతో తప్ప వేరొకరితో ఆ బాలుడు ఒప్పందము చేసికొనరాదు. ఇష్టము లేనిచో చదువుకొనుచు మరియొక యేటి ఎన్నికకు వేచియుండవలెను. దీనిచే వేలమును ఆగును, బలహీనునకు చేయూతయు లభించును అని వారి యుద్దేశము. విందులో వెనుకబడినవానికి ముందుపీట వేయుట వంటిది.

మొదటి డ్రాఫ్టు 1965 జూనులో న్యూయార్కున జరిగెను. తమ లీగున అట్టడుగుననున్న కాన్సాస్ సిటీ అథ్లెటిక్స్ జట్టు మొదట రిక్ మండే అను విద్యార్థిని ఎన్నుకొనెను. మరుసటి యేట రెజీ జాక్సనును, 1967లో వైడా బ్లూను గైకొనెను. 1968లో ఓక్లండు నగరమునకు తరలిన ఈ జట్టే 1972, 1973, 1974 సంవత్సరములందు వరుసగా మూడు పర్యాయములు వరల్డ్ సీరీస్ గెలిచెను. ముందుపీట ఫలించినదని అందరును సంతోషించిరి.

కాని ఎన్నుకొను కన్ను ఎంతటిదైనను మానవుని కన్నే. 1966లో రెజీ జాక్సనుకంటె ముందుగా, ప్రథమ స్థానమున న్యూయార్కు మెట్స్ జట్టు స్టీవ్ చిల్కాట్ అను బాలుని ఎన్నుకొనినది. గాయపడిన ఆ బాలుడు పెద్ద లీగులలో ఒక్క ఆటయు ఆడకుండగనే నిష్క్రమించెను. జాక్సను ప్రసిద్ధులలో ప్రసిద్ధుడయ్యెను. ఇంకొక ఉదాహరణము వినుడు. 1987లో కెన్ గ్రిఫీ అందరికంటె ముందుగా ఎన్నుకొనబడెను. మరుసటి యేట మైక్ పియాజా 1,390వ వాడుగా, దాదాపు దయాదాక్షిణ్యముతో ఎన్నుకొనబడెను. 2016లో ఆ ఆట మహనీయుల స్మారకశాలలో ఈ యిద్దరిని ఒక్క దినముననే చేర్చి గౌరవించిరి. ముందు బల్లపై కూర్చుండినవాడును, వెనుక బల్లపై కూర్చుండినవాడును ఒకే పీట పంచుకొనిరి. బడిలో ఇట్టివి చూచిన ఉపాధ్యాయులకిది వింత గాదు.

ఇక కథలోని ముఖ్య ఘట్టమునకు వచ్చుచున్నాను. ఓడినవానికి ముందుపీట యని నియమించినప్పుడు, ఆ పీట కొరకే ఓడుదమను బుద్ధి పుట్టదా? పుట్టినది. ఆటగాడెవ్వడును ఓడవలెనని ఆడడు. అట్లు చేసిన వాని బ్రదుకే చెడును. యజమాని మాత్రము అనుభవజ్ఞులను ఇతరులకిచ్చివేసి, వారికి బదులు లేత కుర్రవారిని గైకొని, జీతముల వ్యయము తగ్గించి, ‘కొన్నియేండ్లు ఓర్చుకొనుడు, పునర్నిర్మాణము జరుగుచున్నది’ అని ప్రజలకు చెప్పవచ్చును.

హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు ఇట్లే చేసెను. అది 2011లో 106, 2012లో 107, 2013లో 111 ఆటలు ఓడినది. 2013లో ఒకనాటి ఆటను ఆ నగరమున టెలివిజనులో చూచినవారి కొలత సున్నగా తేలినది. వరుసగా మూడేండ్లు ప్రథమ స్థానపు ఎన్నిక ఆ జట్టునకే దక్కెను. పిదప 2017లో వరల్డ్ సీరీస్ గెలువగా, ‘చూచితిరా, ఓటమియే విజయమునకు సోపానము’ అని పలువురు పొగడిరి.

నేనీ మాటతో ఏకీభవింపను. లెక్క చూతము. మూడు ప్రథమ ఎన్నికలలో 2012 నాటి కార్లోస్ కొరెయా ఒక్కడే ఆ విజయమున భాగస్వామి. 2013లో ఎన్నుకొన్న మార్క్ అపెల్ హ్యూస్టన్ పక్షమున పెద్ద లీగులలో ఒక్క బంతియు విసరలేదు. తొమ్మిదేండ్లకు, 2022లో, ఫిలడెల్ఫియా జట్టున అడుగు పెట్టెను. 2014 నాటి ఎన్నిక ఒప్పందమే కాలేదు. దానికి పరిహారముగా లభించిన స్థానమున అలెక్స్ బ్రెగ్మన్ వచ్చెను. విజయమునకు మూలస్తంభములైన తక్కినవారి సంగతి యేమి? హోసే ఆల్తువే వెనెజులా దేశీయుడు. ఆ దేశపు బాలురకు డ్రాఫ్టు లేదు గనుక, 2007లోనే స్వల్ప ధనముతో చేరెను. అతడు అయిదడుగుల ఆరంగుళముల పొట్టివాడు. డాలస్ కైకెల్ 2009లో ఏడవ వరుసలో దొరికినవాడు. జార్జి స్ప్రింగర్ 2011లో పదునొకండవ వాడుగా వచ్చినవాడు. వీరెవ్వరును ఆ మూడేండ్ల ఓటములకు బహుమానముగా వచ్చినవారు కారు. వెదకిన కన్ను, నేర్పిన చేయి వీరిని తెచ్చినవి. ఓటమి తెచ్చినది కొంతయే.

చికాగో కబ్స్ జట్టు కథయు ఇట్టిదే. 1908 తరువాత వరల్డ్ సీరీస్ విజయమెరుగని ఆ జట్టు, 2012లో 101 ఆటలు ఓడి, 2013లో హ్యూస్టన్ విడిచిన క్రిస్ బ్రయంటును రెండవ స్థానమున గైకొని, 2016లో 108 ఏండ్ల కరవు తీర్చుకొనెను. ప్రథమ స్థానము కలిగినవాడు అపెలును, ద్వితీయుడు బ్రయంటును ఎన్నుకొనిరి. పీట ముఖ్యమా, వివేకము ముఖ్యమా?

హ్యూస్టన్ కథకు వేరొక తుదియు కలదు. 2017లో ఆ జట్టువారు ఎదుటి పక్షము రహస్య సంకేతములను కెమెరాతో కనిపెట్టి, చెత్తడబ్బా మ్రోగించి తమ ఆటగానికి తెలుపుచుండిరని 2020 జనవరిలో విచారణవలన తేలినది. 50 లక్షల డాలర్ల జరిమానా పడెను. ముఖ్యాధికారియు, శిక్షకుడును ఉద్యోగములు కోల్పోయిరి. రెండేండ్ల మేలైన ఎన్నికలు రద్దయ్యెను. ఏండ్ల తరబడి ఓర్చినవారికి, పండిన పంటను ధర్మముగా కోసికొను ఓర్పు లేకపోయెను.

పెక్కు జట్లు ఈ త్రోవ పట్టగా, 2022లో యజమానులును, ఆటగాండ్ర సంఘమును నియమమును సవరించిరి. ఇప్పుడు మొదటి ఆరు స్థానములను చీట్లు వేసి నిర్ణయింతురు. అట్టడుగు మూడు జట్లకును సమానముగా నూటికి 16.5 పాళ్లే అవకాశము. ఏటేట ఒకే జట్టు లాటరీ ఫలము పొందుటకును అడ్డు కట్టిరి. 2024లో చికాగో వైట్ సాక్స్ జట్టు 121 ఆటలు ఓడెను. 1900 తరువాత ఇన్ని ఓటములు మరే జట్టునకును లేవు. అయినను ముందటి యేట లాటరీ స్థానము పొందియుండుటచే, 2025లో దానికి పదవ స్థానమునకు మించి దొరకలేదు. అన్ని ఆటలోడియు ముందుపీట దక్కలేదు.

ఈ చరిత్రమునుండి నేను గ్రహించినది చెప్పి ముగించెదను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజునకు ఆరు నీతులు చెప్పెను. వానిలో ఆసనము, అనగా కదలక వేచియుండుట, ఒకటి. తన క్షయము స్వల్పకాలికమై, దాని వెనుక గొప్ప వృద్ధి వచ్చునని తెలిసినచో ఆ క్షయమును ఉపేక్షింపవచ్చునని అతడే చెప్పెను. కావున పునర్నిర్మాణము తప్పు కాదు. పాత యిల్లు కూల్చక కొత్త యిల్లు కట్టరాదు. కాని వేచియుండుట వేరు, పాడుపెట్టుట వేరు. వేచియున్నవాడు మడి దున్నుచుండును, బావి త్రవ్వుచుండును. పాడుపెట్టినవాడు ఆకసమువంక చూచుచుండును.

ఆ యేండ్లలో టిక్కెట్టు కొని వచ్చిన కుటుంబము, తండ్రి చేయి పట్టుకొని వచ్చిన పిల్లవాడు, వీరు మోసపోరాదు. పదునెనిమిదేండ్ల బాలుని ఎన్నుకొన్నవాడు వానిని వస్తువుగా గాక శిష్యునిగా భావింపవలెను. ఓడినవానికి ముందుపీట వేయుడు. అది దయ, అది ధర్మము. వడ్డించిన విస్తరి ముందున్నంత మాత్రమున ఆకలి తీరదు, చేయి కదలవలెను. ఇల్లు అలుకగనే పండుగ కాదని మన పెద్దలు చెప్పనే చెప్పిరి.