దూరదేశపు జ్వరం, స్వదేశపు వైద్యం

నాలుగేళ్ళ కిందట దసరా సెలవుల్లో పాటలు సేకరించడానికి పాడేరు చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళాను. పదిరోజులు తిరిగి ఇల్లు చేరుకున్నాను. వచ్చిన పన్నెండో రోజు సాయంత్రం చలి పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. మా పట్నంలో పేరున్న వైద్యుడే వచ్చి చూశాడు. టైఫాయిడ్ అన్నాడు. ఆరు రోజులు ఆ మాత్రలే మింగాను. ఏడో రోజున మా కాలేజీ అటెండరు పలకరించడానికి వచ్చాడు. మన్నెం నుంచి దిగివచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. మంచం పక్కన నిలబడి, "మాస్టారూ, మన్నెం వెళ్ళొచ్చారు గదా, నెత్తురు చూపించుకున్నారా?" అన్నాడు. ఆ మధ్యాహ్నమే వేలు పొడిపించుకున్నాను. మలేరియా అని తేలింది. అందులోనూ మెదడుకి ఎక్కే రకం.

వైద్యుణ్ణి నిందించడానికి ఇది రాయడం లేదు. ఆయన నాడి చూశాడు, నాలుక చూశాడు, ఫీజు తీసుకున్నాడు. ఎక్కడికి వెళ్ళివచ్చావని మాత్రం అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అటెండరుకి తట్టింది, ఆయనకి తట్టలేదు. మంచం మీద వున్న ఆ రోజుల్లోనే నాకు మా ముత్తాత జ్ఞాపకం వచ్చాడు. ఆయన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు చాలామంది. కాని వాళ్ళు అడిగినది వేరే అవసరం కోసం.

మేం తరగతిలో యాత్రాసాహిత్యం అని ఒక పాఠం చెపుతాం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన కాశీయాత్ర గురించి చెపుతాం. అది గొప్ప గ్రంథమే, కాదనను. ఐతే పల్లకీలతో, పరివారంతో వెళ్ళినవాడి ప్రయాణం సాహిత్యమైంది. అదే శతాబ్దంలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వేలాదిగా ఓడలెక్కి రంగం వెళ్ళినవాళ్ళూ, ఆ తర్వాత మలయా రబ్బరు తోటలకు వెళ్ళినవాళ్ళూ ఏమీ రాసుకోలేదు. వాళ్ళ ప్రయాణం ఓడల లెక్కల్లోనూ, ఆస్పత్రి చిట్టాల్లోనూ మిగిలింది. ఇళ్ళలో ముసలివాళ్ళ మాటల్లో కొంత మిగిలింది.

మా అమ్మమ్మ తండ్రి రబ్బరు తోటకి వెళ్ళినవాడు. అమ్మమ్మ చెప్పిన సంగతులు మూడే. ఓడ దిగగానే తెల్లకోటు వేసుకున్నవాడు వరసలో నిలబెట్టి ఎక్కడినుంచి వచ్చారని అడిగి కడుపు నొక్కి చూశాడట. తోటలో తెల్లవారకముందే హాజరు వేసుకునే చోట కంపౌండరు ఎదుట నిలబడి కొయినా మింగాలట. మింగినట్టు నోరు తెరిచి చూపించాలట. తిరిగివచ్చేనాటికి ఆయన కడుపులో ఎడమపక్క బల్ల ఇంత లావున పెరిగిందని చెయ్యి పెట్టి చూపించేది. ఈ మూడు సంగతుల వెనక మలయా ఆర్థిక చరిత్రంతా వుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

1901లో క్లాంగ్ నది ముఖద్వారం దగ్గర పోర్టు స్వెట్టెన్‌హామ్ అనే కొత్త రేవు తెరిచారు. తెరిచిన కొద్దికాలానికే అక్కడి కూలీలూ, ఉద్యోగులూ చలిజ్వరంతో కుప్పకూలారు. రేవు మూతపడేదాకా వచ్చింది. అప్పుడు ప్రభుత్వానికి దోమ కనిపించింది! అంతకుముందు ఆ బురదనేలల్లో జనం జ్వరంతో చావడం లేదా అంటే, చచ్చారు. ఐతే వాళ్ళ చావువల్ల ఓడలు ఆగలేదు. క్లాంగ్‌లో జిల్లా వైద్యుడిగా వున్న మాల్కం వాట్సన్ అనే స్కాట్లండు వైద్యుడు చిత్తడినేలల్లో కాలువలు తవ్వించి, అడవి కొట్టించి, పట్నంలోనూ రేవులోనూ జ్వరాన్ని అణిచాడు. మంచి పనే.

ఇక్కడ కథ ఆసక్తికరమైన మలుపు తిరుగుతుంది. తీరప్రాంతపు చిత్తడిలో నీడలో గుడ్లు పెట్టే దోమ ఒకటి. అడవి కొట్టి, నీరు తీసేస్తే అది పోయింది. అదే వైద్యం కొండవాలు తోటల్లో చేస్తే జ్వరం తగ్గకపోగా పెరిగింది. ఎందుకంటే కొండల్లో జ్వరం మోసే దోమ వేరు. దానికి ఎండ తగిలే స్వచ్ఛమైన సెలయేరు కావాలి. రబ్బరు నాటడానికి అడవిని కొట్టిన ప్రతి యజమానీ ఆ దోమకి కొత్త ఇల్లు కట్టి ఇచ్చాడన్నమాట. ఆ ఇంటి పక్కనే కూలిలైన్లు కట్టాడు. కాబట్టి మా ముత్తాతకి వచ్చింది 'మలయా జ్వరం' అనడం సగం నిజం. అది రబ్బరు జ్వరం. సెలయేళ్ళను భూమిలో గొట్టాల్లోకి మళ్ళించడం, మళ్ళించలేనిచోట నూనె చల్లడం వాట్సన్ తర్వాత కనిపెట్టిన ఉపాయాలు. తోటల యజమానులను ఒప్పించడానికి ఆయన వాడిన వాదం దయాధర్మాలది కాదు. జ్వరపు తోటకి చెడ్డపేరు వస్తుంది, కూలీలు రారు, వచ్చినవాళ్ళు పని చెయ్యలేరు, దోమని చంపడం చవక అన్నాడు. యజమానికి అర్థమయ్యే భాష అదే గనక ఆయన అలా మాట్లాడి వుండవచ్చు. మనిషిగా ఆయన్ని తక్కువ చెయ్యను.

మన వ్యాసాల్లో ఒక అలవాటు వుంది. పరాయి దేశంలో జరిగిందంతా దుర్మార్గం అనీ, స్వదేశంలో వుంటే బాగుండేదనీ సూచించి వదిలేస్తాం. వాస్తవం అంత సులభంగా లేదు. మలయాలో పెద్ద తోటలకి ఆస్పత్రి వుండాలని చట్టం చెప్పింది. అధ్వాన్నమైనవే ఎక్కువైనా, ఆస్పత్రి అనేది వుంది, కొయినా వుంది. మా ముత్తాత వూరికి ఏముంది? బెంగాల్‌లో 1892 నుంచి పోస్టాఫీసుల్లో పైసా పొట్లాలుగా కొయినా అమ్మారు. పోస్టాఫీసు లేని వూళ్ళో, పైసా లేని ఇంట్లో ఆ పొట్లం సంగతి ఎవరికి తెలుస్తుంది? తిరిగివచ్చిన ఆయనకి బల్ల కరగడానికి పొట్టమీద వాతలు వేయించారు. ఆ వాతల మచ్చల్ని అమ్మమ్మ చిన్నప్పుడు లెక్కపెట్టేదట. ఈ ఒక్క జబ్బు విషయంలో యజమాని ఆస్పత్రి మన వూరికన్నా మెరుగని ఒప్పుకోవలసిందే.

ఐతే ఆ ఆస్పత్రి ఎవరిది, ఎంతవరకు అన్నదే ప్రశ్న. 1907లో యజమానుల దగ్గర పన్ను వసూలు చేసి ఒక వలస నిధి ఏర్పాటు చేశారు. కూలీని తీసుకువచ్చే ఖర్చు అందులోంచే. పనికిరాని కూలీని తిరిగి పంపే ఖర్చూ అందులోంచే. జ్వరంతో వున్నవాడు బాగుపడి పాలుగీసే కత్తి పట్టుకోగలిగినంతకాలం వైద్యం. బల్ల పెరిగి, రక్తం ఇంకిపోయి, బాగుపడడని తేలిన రోజున ఓడ టిక్కెట్టు. రోగాన్ని తోట ఇచ్చింది. రోగిని వూరికి వదిలింది. కొన్ని రకాల మలేరియా మందుకి తగ్గినట్టే తగ్గి, కాలేయంలో దాగి, నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. ఈ దాగుడుమూతల రహస్యం 1980 ప్రాంతంలో గాని స్పష్టంగా తెలియలేదు. అందువల్ల తోట చిట్టాలో 'నయమైంది' అని రాసినవాడు విశాఖ తీరంలో మళ్ళీ పడుకుంటే, ఆ జ్వరం ఏ లెక్కలోకీ రాలేదు.

ఈ విజ్ఞానం పుట్టిన చోటు మన నేలే కావడం మరో చిత్రం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. కొద్దినెలల ముందే రాస్ ఊటీ దగ్గర సీగూరు ఘాటుకి వెళ్ళి తానే మలేరియా తెచ్చుకున్నాడు. దొర ప్రయాణం చేసి జ్వరం తెచ్చుకుంటే అది శాస్త్రచరిత్రలో ఒక ఘట్టం. రాస్‌కి 1902లో నోబెల్ బహుమానం వచ్చింది, అందుకు ఆయన అర్హుడే. హుసేన్ ఖాన్ ఆ తర్వాత ఏమయ్యాడన్నది ఎవరూ పట్టించుకోలేదు.

యుద్ధం వచ్చినప్పుడు ఆ కాస్త ఆస్పత్రి కూడా పోయింది. 1942లో జపాను సైన్యం జావాని పట్టుకోవడంతో ప్రపంచానికి కొయినా వచ్చే దారి మూసుకుపోయింది. అదే సంవత్సరం రంగం నుంచి మనవాళ్ళు అడవుల వెంట, కొండల వెంట కాలినడకన ఇంటిదారి పట్టారు. జ్వరంతో దారిలో కూలిపోయినవాళ్ళు వేలల్లో. మలయా తోటల్లోని తమిళులనూ, తెలుగువాళ్ళనూ 415 కిలోమీటర్ల సయాం–బర్మా రైలుమార్గం వెయ్యడానికి తరలించారు. ఆ దారిలో తెల్లసైనిక ఖైదీలు సుమారు 12,000 మంది చనిపోయారు. వాళ్ళతోపాటు వాళ్ళ వైద్యులూ ఖైదులో వున్నారు. మందులేకున్నా పుండు కడిగారు, నీళ్ళు కాచారు, చావులు రాసిపెట్టారు. ఆసియా కూలీల చావులు సుమారు 90,000 అని అంచనా. వాళ్ళతో వైద్యులు లేరు గనక అది అంచనాగానే మిగిలింది. కాంచనబురిలో ఖైదీల సమాధులకి వరసలున్నాయి, పేర్లున్నాయి. సికాకోలు తాలూకా మనిషి అక్కడ ఎక్కడ పడివున్నాడో చెప్పే రాయి లేదు.

స్వాతంత్ర్యం తర్వాత స్వదేశంలో వైద్యం మారలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అంతకుముందు దేశంలో ఏటా 7.5 కోట్లమందికి జ్వరం, 8 లక్షల చావులు అని లెక్క. 1965 నాటికి కేసులు లక్షకి దిగాయి. గోడలకి డి.డి.టి. కొట్టించిన ఆ రోజుల్ని మా నాన్నగారి తరం ఇప్పటికీ తలుచుకుంటుంది. ప్రజాధనంతో, ప్రభుత్వయంత్రాంగంతో ఏమి సాధించవచ్చో దానికి ఇంతకన్న రుజువు అక్కర్లేదు. తర్వాత జబ్బు పోయిందనుకున్నారు. దోమ మందుకి అలవాటుపడింది, నిఘా సడలింది. 1976లో 64 లక్షల కేసులు. మన్నెం మాత్రం ఎప్పుడూ పూర్తిగా బయటపడలేదు. మైదానంలో జబ్బు తగ్గేకొద్దీ మైదానపు వైద్యుడు దాన్ని మరిచిపోయాడు. నా ఆరు రోజుల టైఫాయిడ్ ఆ మరుపులోంచి వచ్చిందే.

ఇక జబ్బు ఎటునుంచి ఎటు ప్రయాణిస్తుందన్న విషయంలో ఐరోపా కూడా ఒక పాఠం నేర్చుకుంది. 2007 వేసవిలో ఇటలీలోని కాస్టిల్యోనే దిచెర్వియా అనే చిన్న వూళ్ళో కీళ్ళు పట్టేసే జ్వరం పుట్టింది. రెండువందలమందికి పైగా పడ్డారు. చికున్‌గున్యా. కేరళ నుంచి బంధువుల్ని చూడ్డానికి వచ్చిన ఒక మనిషితో మొదలైందని తేలింది. వూరివాళ్ళు వలసవచ్చినవాళ్ళను అనుమానించారట. ఐతే ఆ వైరస్‌ని మోసిన దోమ మాటేమిటి? చారల కాళ్ళ ఆసియా దోమ ఇటలీకి 1990 ప్రాంతంలో వచ్చింది — దిగుమతి చేసుకున్న పాత టైర్లలో, గుడ్ల రూపంలో. టైర్లని రేవులో వరసలో నిలబెట్టి ఎక్కడినుంచి వచ్చారని ఎవరూ అడగలేదు. (మళ్ళీ రబ్బరే! కల్పన చేసి రాస్తే అతిగా వుందని సంపాదకులు కొట్టేసేవారు.)

ఈనాడు మా ఉద్దానం కుర్రవాళ్ళు రంగం వెళ్ళరు, గల్ఫ్ వెళతారు. బయలుదేరేముందు వైద్యపరీక్ష వుంటుంది. రక్తంలో మలేరియా కోసం, బోదకాలు పురుగు కోసం కూడా చూస్తారు. ఫిట్, అన్‌ఫిట్ అన్న రెండు మాటలూ మా వూళ్ళలో ఇంగ్లీషు రానివాళ్ళకి కూడా తెలుసు. అన్‌ఫిట్ అంటే చేసిన అప్పు అలాగే నిలిచిందని అర్థం. ఎమిరేట్లకి మలేరియా లేని దేశంగా 2007లో గుర్తింపు వచ్చింది; దాన్ని కాపాడుకోవాలనుకోవడం వాళ్ళ హక్కు. నాకు దానితో తగాదా లేదు.

పోయిన ఏడు నా విద్యార్థిని తండ్రి గల్ఫ్ నుంచి రెండునెలల సెలవు మీద వచ్చాడు. మన్నెంలో బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళాడు. తిరిగి విమానమెక్కిన వారానికి అక్కడ లేబర్ క్యాంపులో చలితో పడ్డాడు. తోటివాళ్ళు మోసుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళారు. మలయాళీ నర్సు మొట్టమొదట అడిగింది — ఈమధ్య వూరికి వెళ్ళివచ్చావా, ఎక్కడ తిరిగావు అని. గంటలో రక్తపరీక్ష, సాయంత్రానికి సరైన మందు. మూడోరోజున లేచి కూచున్నాడు. కొలువూ పోలేదు. దూరదేశంలో అంత చక్కని వైద్యం దొరికిందని ఆ అమ్మాయి నాతో సంతోషంగా చెప్పింది. తర్వాత కాసేపు ఆగి, తండ్రి ఫోనులో అన్న మాట చెప్పింది: "ఆ నర్సమ్మ అడగ్గానే గుండె జారిపోయిందమ్మా. వూరికే వెళ్ళలేదని చెప్పేద్దామనుకున్నాను. నిజం చెపితే పంపించేస్తారనుకున్నాను."

"అబద్ధం చెప్పివుంటే ఏమయ్యేది సార్?" అని అడిగింది ఆ పిల్ల. నేను పాడేరు నుంచి వచ్చాక మింగిన ఆరు రోజుల మాత్రల సంగతి చెప్పాను.