మడత విప్పిన చీర

నేను 1984లో ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో గుమస్తాగా చేరితే, సావుకారు మొదట నాకు లెక్కల పుస్తకం ఇవ్వలేదు, తడిగుడ్డ ఇచ్చినాడు. గల్లాపెట్టె వెనక, లక్ష్మీదేవి పటం కింద ఒక రేకు బోర్డు ఉండేది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు. సాంబ్రాణి పొగకు రోజూ మసిబారేది. పొద్దున్నే దాన్ని తుడిచి మెరిపించడం నా ఉద్యోగంలో మొదటి పని. మా నాయన గుంతమగ్గం మనిషి. పదో తరగతి పాసైనానని నన్ను గుంతలోకి దించకుండా అంగడికి పంపినాడు.

బోర్డు మీద రాసింది ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం. తెలిసినవాళ్లకు వాపసు ఉండేది, దానికి వేరే చట్టం ఉండేది. మడత విప్పకూడదు. ఫాల్ కుట్టించకూడదు. జాకెట్ ముక్క కోసి ఉండకూడదు. శుక్రవారం తేకూడదు, దీపాలు పెట్టినాక తేకూడదు, బోణీ కాకముందు అసలే తేకూడదు. వీటిలో మొదటిది చాదస్తం అనుకునేరు. పట్టుచీరను ఒకసారి పూర్తిగా విప్పితే మళ్లీ ఆ మడతలకే తేవడం మామూలు చేతుల వల్ల కాదు. జరీ ఒక గీత మీద వంగడం మరిగి ఉంటుంది. పక్కన ఇంకో గీత పడిందంటే కొనేవాళ్ల వేలు సరిగ్గా అక్కడే ఆగుతుంది. మా అంగట్లో మడతలు వేయడానికే ఒక ముసలాయన ఉండేవాడు. ఒళ్లో చీర పెట్టుకుని, కొంగు లోపలికి పోయేలా, అంచు మీద అంచు కూర్చి, అరచేతి మడమతో ఒత్తేవాడు. పెండ్లివాళ్లు ముప్పై చీరలు విప్పించి రెండు తీసుకుని పోతే ఆ ముసలాయన మాకు వినిపించేంత గట్టిగా నిట్టూర్చేవాడు.

1991 వేసవి, పెండ్లిళ్ల కాలం. ముదిగుబ్బ పక్క పల్లె నుంచి ఒకామె వచ్చింది, వెంట పదేండ్ల కొడుకు. చేతిలో పాత తువ్వాలులో చుట్టిన మూట. ఆమె మూట విప్పబోతుంటే సావుకారు చెయ్యి అడ్డం పెట్టి, "ఉండుక్కా, కూసో. నీళ్లు తాగు" అన్నాడు. ఇంకా బోణీ కాలేదు. అరగంట చూసినాం, ఎవరూ గడప తొక్కలేదు. కడాకు నన్నే జేబు తడుముకోమని, పది రూపాయల జాకెట్ గుడ్డ ఒకటి నాకే అమ్మి, ఆ నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేసి, "ఇంగ విప్పుక్కా" అన్నాడు. ఆ జాకెట్ గుడ్డ డబ్బు నాకు తిరిగి ఇచ్చినాడా లేదా అంటే, ఇవ్వలేదు.

గంధం రంగు ఒళ్లు, కుంకుమ రంగు అంచు. అంచు ఎరుపు నాలుగు వేళ్ల మేర ఒంట్లోకి పాకింది. "ఒగటే సారి కట్టింది సామీ. తలంబ్రాలప్పుడు వాన పడింది, అంతే. నీళ్లల్లో ఏసిందే లేదు" అందామె. సావుకారు వేలు తడి చేసుకుని అంచు మీద రుద్దినాడు. వేలు ఎర్రబడింది. రంగు సరిగా పట్టలేదని ఆయనకు ఆ క్షణమే తెలుసు. అయినా నోటితో అన్నది మాత్రం, "కట్టిన చీర ఎట్ల తీసుకునేదక్కా?" ఆమె వాదించలేదు. బల్ల మీద నుంచి లేవలేదు, అంతే. మధ్యాహ్నం భోజనం వేళకు సావుకారే దిగొచ్చి, పద్దెనిమిది వందల చీరకు బదులు పన్నెండు వందలది ఒకటి ఇచ్చి పంపినాడు. మిగిలిన ఆరు వందల మాట ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు.

చీర పోయింది, ఇంకో చీర వచ్చింది. నా పని అప్పుడు మొదలైంది. ప్రతి చీరకూ ఒక చీటీ ఉంటుంది, స్టాక్ పుస్తకంలో ఆ నంబరు ఎదుట ఏ మాస్టర్ వీవర్ దగ్గర కొన్నామో ఉంటుంది. ఆయన ఖాతాలో ‘వాపసు’ అని రాసినాను. ఆయన తన పుస్తకంలో మగ్గం నంబరు చూసుకుని, ఆ నేతగాడి కూలిలో అరవై రూపాయలు కోత పెట్టినాడు. ఆ మగ్గం మా వీధిలోదే, మా ఇంటికి నాలుగిండ్ల అవతల. నేతగాడికి పడుగూ పేకా రంగు వేసే వస్తాయి. అద్దకం తొట్టెలో జరిగిన పొరపాటుకూ ఆయన చేతికీ సంబంధమే లేదు. కానీ చీటీ మీద ఉండేది మగ్గం నంబరు ఒక్కటే. అద్దకం చేసినవాడికి నంబరు లేదు.

అంగడి మానేసినాక లైబ్రరీకి పోవడం అలవాటైంది. అక్కడ ధర్మశాస్త్రాల అనువాదాలు తిరగేస్తుంటే ఈ వాపసు తగువు మన ఊరికన్నా, పట్టుకన్నా పాతదని తెలిసింది. పాత న్యాయశాస్త్రంలో దీనికి ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. పేరు క్రీతానుశయం. అనుశయం అంటే పశ్చాత్తాపం. కొన్నాక మనసు పీకడం అన్నమాట. కౌటిల్యుడు వ్యాపారులకు ఒక రాత్రి, సేద్యగాళ్లకు మూడు, పశువుల కాపర్లకు ఐదు రాత్రులు గడువు ఇచ్చినాడు. మనువు పది రోజులన్నాడు. యాజ్ఞవల్క్యుడు సరుకును బట్టి లెక్క కట్టినాడు: ఇనుముకు ఒక రోజు, రత్నాలకు ఏడు, విత్తనాలకు పది. ఆ యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరనే 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చినాడు.

నారదుడు మాత్రం మా సావుకారుకు అన్న అవుతాడు. కొన్నరోజే తెస్తే పూర్తి డబ్బు, రెండో రోజైతే ముప్పయ్యో వంతు కోత, మూడో రోజైతే దానికి రెట్టింపు, ఆపైన సరుకు కొన్నవాడిదే అంటాడు. కట్టి మాసిన బట్టకు లోపమున్నా సరే, అమ్మినవాడికి తిరిగి ఇవ్వకూడదంటాడు. ఒకసారి ఉతికిన బట్ట విలువ ఎనిమిదో వంతు తగ్గుతుంది, రెండోసారికి నాలుగో వంతు, మూడోసారికి మూడో వంతు, నాలుగోసారికి సగం. మా గల్లాపెట్టె దగ్గర కూర్చుని రాసినట్టే ఉంది. అప్పుడే అనిపించింది, ఆ ముదిగుబ్బ ఆమె నారదుడి ముందుకు పోయినా ఓడిపోయేదేనని.

ఆమె గెలవగలిగిన చోటు ఒకటుంది. మాలో ఎవరికీ దాని సంగతి పట్టలేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కొనేవాడే చూసుకుని కొనాలి అనే సూత్రాన్ని పట్టుకుని, దానికి కొన్ని మినహాయింపులు ఇచ్చింది. దాని కింద దావా వేయాలంటే సివిల్ కోర్టు, వకీలు. చీర ఖరీదు వకీలుకే చాలదు. 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. వకీలు లేకుండా తెల్లకాగితం మీద రాసుకుని పోయినా వినే జిల్లా ఫోరాలు వచ్చినాయి. మాకు అనంతపురంలో. అంటే 1991లో ఆమె మా బల్ల మీద కూర్చున్ననాటికి చట్టానికి నాలుగేండ్లు దాటినాయి. కాకపోతే బిల్లు ఉండాలి. నేను ఆమెకు రాసిచ్చింది కచ్చా చీటీ. అంగడి పేరు లేదు, తేదీ లేదు, ‘1 చీర 1800’ అని మాత్రం ఉంది. అట్లా రాయమన్నది సావుకారే అయినా రాసిన చెయ్యి నాది.

1999లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద వేయడమే అనుచిత వ్యాపారం కిందికి వస్తుందని రాష్ట్రాలకు రాసింది. మా రేకు బోర్డు ఆ తర్వాత కూడా చాలాకాలం గోడ మీదే ఉంది, నేను తుడుస్తూనే ఉన్నాను. పాత చట్టం బదులు తెచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోనంటే తప్పు. బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే. కొన్న ఊరికే పోయి ఫిర్యాదు చేయాల్సిన పని లేదు, ఉన్న ఊళ్లోనే చేయొచ్చు. అంతకుముందు బెంగళూరు నుంచి రైల్లో వచ్చి చీర కొన్నవాళ్లు తగువుకు మళ్లీ అనంతపురం రావాల్సిందే. ఎవరొస్తారు?

అయితే ఒకటి గమనించండి. ఈ చట్టం లోపాన్ని గుర్తిస్తుంది, మనసు మారడాన్ని గుర్తించదు. ‘ఇంటికి పోయి చూస్తే రంగు నచ్చలేదు’ అంటే తీసుకోవాలని అంగడివాణ్ణి బలవంతపెట్టే హక్కు ఈరోజు లేదు. తీసుకుంటే అది ఆయన మంచితనం, లేదా పక్క అంగడి పోటీ. పాతవాళ్లు పశ్చాత్తాపం పేరు మీదే అధ్యాయం రాసి గడువులు పెట్టిన చోట మనం ‘ఎక్స్ఛేంజ్ ఓన్లీ’ అని స్టిక్కర్ అంటించుకున్నాం.

ఇక మగ్గం మనిషి సంగతి. 1993లో పాత 1986 చట్టానికి ఒక వివరణ చేర్చినారు. సొంతంగా పని చేసుకుని, బతుకుతెరువు కోసమే వాడుకోవడానికి కొన్న సరుకు వ్యాపారం కింద లెక్కకు రాదని. అంటే సొంత డబ్బుతో వార్పు, జరీ కొని తన మగ్గం మీద తానే నేసుకునే మనిషి కూడా వినియోగదారుడే. మా నాయన కొన్నాళ్లు అట్లా నేసినాడు. ఒకసారి అసలు జరీ అని ధర పెట్టి కొన్న కండెలు ఆరు నెలలకే నల్లబడినాయి. అసలు జరీ అంటే పట్టుపోగు మీద వెండి తీగ చుట్టి, దాని మీద బంగారు పూత. పోగు విప్పితే లోపల పట్టు కనబడాలి. మా నాయన ఒక కొసను అగ్గిపుల్లతో కాల్చి చూసినాడు. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఇది కరిగి, నల్లటి ఆవగింజంత గోళీ అయి గోటికి అంటుకుంది. ఆ గోళీని అగ్గిపెట్టెలో పెట్టుకుని అమ్మినవాడి దగ్గరకు పోయినాడు. "బిల్లుందా?" అన్నాడు వాడు. కూలి మగ్గానికైతే ఆ అడిగే హక్కు కూడా లేదు, సరుకు తనది కాదు కాబట్టి.

2004లో సిల్క్ మార్క్ వచ్చింది, 2006లో హ్యాండ్లూమ్ మార్క్. ఇప్పుడు చీరకు లేబుల్ వేలాడుతుంది, మంచిదే. పాత రోజుల్లో అసలు జరీకి లేబుల్ అక్కర్లేకుండా ఒక వాపసు ఉండేది. చిరిగిపోయిన చీరలు కొంటామని వీధుల్లోకి వచ్చేవాళ్లు, కాల్చి వెండి తీసుకునేవాళ్లు. నలభై ఏండ్లు కట్టిన చీరకూ ఎంతోకొంత చేతికొచ్చేది. ప్లాస్టిక్ జరీ చీరను వాళ్లు వేలితో నలిపి, మాట్లాడకుండా వెనక్కిచ్చేవాళ్లు.

ఆ రంగు దిగిన చీర అంగట్లోనే ఉండిపోయింది. మడతల ముసలాయన మరక లోపలికి పోయేలా మడిచి పెట్టినా ఎవరూ తీసుకోలేదు. దసరాకు సావుకారు దాన్ని నాకు నాలుగు వందలకు ఇచ్చినాడు, జీతంలో నెలకు యాభై పట్టుకుంటూ. నా భార్య అంచును లోపలికి మడిచి కుట్టుకుని కట్టింది. మరుసటి ఏడు ఆ నేతగాడి కూతురి పెండ్లికి అదే చీరలో వచ్చింది. వడ్డన అయినాక ఆయన మా దగ్గరకు వచ్చి, ఆమె కొంగు కొస పట్టుకుని, తిప్పి వెనకవైపు చూసినాడు. పోగు మీద బొటనవేలు ఆనించి కాసేపు నిలబడినాడు.

"పేక బాగానే కొట్టినాను గదా" అన్నాడు నాతో, కొంగు వదిలేసి.